వెన్నెలలో హరివిల్లు

అమెరికాదేశపు కాలిఫోర్నియా రాష్ట్రమున, సియెరా నెవాడా పర్వతముల నడుమనున్న యోసెమిటి లోయలో, వసంతకాలపు పూర్ణిమారాత్రులయందు తీయబడిన కొన్ని ఛాయాచిత్రములను మొదటిసారి చూచువారు తఱచుగా రెండు విధముల భ్రమపడుదురు. ఆకాశము నీలముగా నుండుటయు, కొండరాళ్ల నెఱ్ఱెలు సైతము స్పష్టముగా గోచరించుటయు, జలపాతపు పాదమున ఎఱుపు మొదలు ఊదా వఱకు సమస్తవర్ణములతో హరివిల్లు వంగియుండుటయు చూచి, ఇది పట్టపగటి చిత్రమే యనుకొనువారు కొందఱు. ఆ నీలాకాశముననే నక్షత్రములు మెఱయుచుండుట గమనించి, రెండు చిత్రములను అతికి చేసిన కల్పన యని తీర్మానించువారు మఱికొందఱు. రెండును నిజము కావు. అది ఒకే చిత్రము, రాత్రివేళ తీసినది. అందలి హరివిల్లు వెన్నెలలో పుట్టినది. అయితే దానిని తీసినవానిని ప్రక్కకు పిలిచి, మీరు కన్నులార చూచినదియు నిదియేనా యని యడిగినచో, సత్యవాదియైనవాడు ఒకింత తటపటాయించి, తాను చూచినది బూడిదవన్నె కలసిన తెల్లని విల్లు మాత్రమేనని ఒప్పుకొనును. కంటికి దొరకని రంగు కెమెరాకెట్లు దొరకెను? దొరకిన ఆ రంగు నిజమైనదా, యంత్రము అద్దినదా? ఈ ప్రశ్నకు సమాధానము చెప్పవలెనన్నచో ముందు విల్లు పుట్టుకను, పిదప కంటి కట్టడిని, ఆ పిదప కెమెరా నడవడిని విచారింపవలసియున్నది.

వెన్నెలయందును విల్లు పుట్టుననుట నేటి మాట కాదు. గ్రీకుదేశపు అరిస్టాటిల్ తన వాతావరణగ్రంథమున దీనిని ప్రస్తావించుచు, చంద్రునివలన ధనుస్సు పుట్టదనియే పూర్వులు తలచిరనియు, ఏబది యేండ్లకు మించిన కాలమున తమకు రెండే దృష్టాంతములు దొరకినవనియు వ్రాసెను. నిండుపున్నమినాడుగాని అది సంభవింపదనియు, చీకటిలో రంగులు కంటికి సరిగా ఆనవనియు కూడ ఆయన ఎఱిగియుండెను. ఈ రెండవ మాటను ఆయన మెచ్చుకొనదగినంత సూక్ష్మముగా చెప్పెను. మన దేశమున ఆఱవ శతాబ్దివాడగు వరాహమిహిరుడు బృహత్సంహితలో ఇంద్రాయుధమునకు ప్రత్యేకముగా ఒక అధ్యాయమునే కేటాయించి, నానావర్ణములైన సూర్యకిరణములు గాలిచే చెదరి మేఘములుగల ఆకాశమున విల్లురూపున కన్పట్టుచున్నవని భౌతికకారణమొకటి మొదట చెప్పి, తరువాత శకునఫలములలోనికి దిగి, రాత్రి కన్పట్టు ధనుస్సునకును ఫలమును లెక్కించెను. ఫలముల సంగతి మనకక్కఱలేదు. రాత్రి ధనుస్సును వేఱుగా పేర్కొనవలసివచ్చినదన్నచో, దానిని చూచినవారుగాని, చూచితిమన్నవారి మాట విన్నవారుగాని ఆనాడుండిరనుటయే మనకు కావలసినది.

పగటి విల్లునకును రాత్రి విల్లునకును పుట్టుకలో భేదమేమియు లేదు. పదునాలుగవ శతాబ్ది తొలినాళ్లలో, ఒకరినొకరు ఎఱుగకయే, పారసీకదేశమున కమాలుద్దీన్ అల్ ఫారిసియు, జర్మనీలో ఫ్రైబెర్గు వాస్తవ్యుడగు థియొడొరిక్ అను క్రైస్తవ సన్న్యాసియు, నీటితో నింపిన గాజుగోళమును పెద్ద వానచినుకుగా భావించి పరీక్షించి, వెలుతురు చినుకులోనికి చొచ్చునప్పుడు వంగి, లోపలి వెనుకగోడపై ప్రతిఫలించి, వెలువడునప్పుడు మఱల వంగుచున్నదని కనుగొనిరి. 1637లో ఫ్రెంచి తత్త్వవేత్త డెకార్ట్, కిరణము చినుకు నడిబొడ్డునకు ఎంతెడముగా తాకినచో ఎంత కోణమున తిరిగివచ్చునో ఓపికతో ఒక్కొక్కటిగా లెక్కగట్టి, చినుకుపై పడిన కిరణములు నానాదిక్కులకు పోవుచున్నను, ఇంచుమించు 42 డిగ్రీల కోణమువద్ద మాత్రము గుంపుగూడుచున్నవని తేల్చెను. ఆ గుంపుగూడుటయే విల్లు. నీటిలో ఊదాకాంతి ఎఱ్ఱని కాంతికంటె కొంచెమెక్కువ వంగునుగనుక, ఎఱుపు 42 డిగ్రీలకు కొంచెము పైనను, ఊదా 40 డిగ్రీలకు కొంచెము పైనను చేరి, రెండు డిగ్రీల వెడల్పుగల, అనగా నాలుగు నిండుచంద్రులను ప్రక్కప్రక్కన పేర్చినంత వెడల్పుగల, రంగుల పట్టీ ఏర్పడుచున్నది. దీనికి వెలుపల, 51 డిగ్రీలవద్ద, చినుకులో రెండుసారులు ప్రతిఫలించిన కాంతివలన రంగులు తిరుగబడిన రెండవ విల్లొకటి పుట్టును. రెండింటి నడుమనున్న ఆకాశము తక్కిన దానికంటె నల్లగా నుండును.

ఈ గణితములో సూర్యుడను మాట ఎక్కడను రాలేదని పాఠకుడు గమనించియేయుండును. అర డిగ్రీ వెడల్పుగల వెలుగుబింబమొకటి వీపునకు వెనుకనుండిన చాలును. చంద్రబింబపు వెడల్పును అంతియే. చంద్రునిదైన వెలుతురు వేఱే లేదు. సూర్యుని విడిచి ఎనిమిది నిమిషములకు పైగా పయనించి వచ్చిన కాంతిలో చంద్రతలము నూటికి ఇంచుమించు పండ్రెండు పాళ్లను మాత్రమే తిరుగగొట్టుచున్నది. అందు మనవైపు వచ్చిన భాగము మఱియొక సెకనుకు కొంచెము మించిన కాలములో భూమిని చేరి, చినుకులో ప్రవేశించుచున్నది. కావున చంద్రధనుస్సునందు సూర్యుని సప్తవర్ణములును ఉండితీరవలెను, ఉన్నవి కూడ. లోపించినది పరిమాణము మాత్రమే. నిండుచంద్రుని వెలుగు సూర్యుని వెలుగులో నాలుగులక్షల వంతు. అష్టమినాటి అర్ధచంద్రుని వెలుగు నిండుచంద్రునిదానిలో సగముండునని మనమనుకొందుము గాని, చంద్రునిపై కొండల నీడలు పడుటచేతను, చంద్రధూళి కాంతిని వచ్చిన దిక్కునకే ఎక్కువగా తిప్పికొట్టు స్వభావము కలదగుటచేతను, అది పదియవ వంతుకూడ ఉండదు. పున్నమికి అటు రెండు దినములు, ఇటు రెండు దినములు తప్ప తక్కిన రాత్రులలో విల్లును వెదకుట వృథాశ్రమ యగుటకు కారణమిదియే.

విల్లును వెదకువాడు చంద్రుని వైపు చూడరాదు. చంద్రుని వీపునకు వెనుక నిలుపుకొని, నేలపై తన తలనీడ పడుచోటు గుర్తించి, ఆ చోటినుండి 42 డిగ్రీల ఎడమున చుట్టును గీచిన వృత్తముమీద చూడవలెను. చేయి బారచాచి పట్టిన జాన ఇంచుమించు ఇరువది డిగ్రీలు. నీడనుండి రెండు జానలు కొలిచినచో విల్లుండవలసిన తావు పట్టువడును. చంద్రుడు దిఙ్మండలముపై ఎంత యెత్తున నుండునో తలనీడ దానికి దిగువన అంత లోతున నుండును. కనుక చంద్రుడు 42 డిగ్రీలకు పైకెక్కగానే విల్లు సమూలముగా దిఙ్మండలమునకు దిగువకు జాఱిపోవును. వానవిల్లుకైనచో కథ అంతటితో సమాప్తము. జలపాతమువద్ద మాత్రము, లోయలోనుండి లేచు తుంపరను పైనుండి చూచునట్టి స్థానము దొరకినచో, దిఙ్మండలపు దిగువనున్న విల్లుకూడ కన్పట్టును. ఆకాశమున ఒక చాపము మాత్రమే చూడ నలవడిన మనకు, కాళ్లక్రింద సగము వృత్తమును మించిన విల్లు వంగియుండుట మొదట నమ్మశక్యము కాదు.

మఱియొక సంగతి. విల్లు ఒక వస్తువు కాదు, ఒక దిక్కు. ప్రక్కప్రక్కన నిలిచిన ఇద్దఱు చూచునది ఒకే విల్లు కాదు. ఒక్కొక్కరి తలనీడకు ఒక్కొక్క వృత్తము. వాన మైళ్లకొలది దూరమున కుఱియునప్పుడు ఈ భేదము తెలియదుగాని, తుంపర నూఱడుగుల దూరముననే యున్నప్పుడు ట్రైపాడును నాలుగు బారలు ప్రక్కకు జరిపినచో విల్లుకూడ జరుగును. విల్లుకాలు ఏ బండపై మోపవలెనో, జలధారను విల్లు ఏ యెత్తున ఖండింపవలెనో నిర్ణయించునది చంద్రుడు మాత్రమే కాదు, ఛాయాగ్రాహకుడు నిలుచు తావును. చంద్రుడు గంటకు పదునైదు డిగ్రీల చొప్పున ఆకాశమున కదలుచుండుటచేత, తావు వెదకుకొనుటకు దొరకు వ్యవధియు తక్కువయే.

లెక్క యింత సులభమైనను ప్రపంచమున చంద్రధనుస్సునకు ప్రసిద్ధికెక్కిన జలపాతములు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని మాత్రమే యుండుటకు కారణమేమి? నా యుద్దేశమున దీనికి చంద్రునికంటె నీరే ఎక్కువ బాధ్యురాలు. తుంపర దట్టముగా లేవవలెనన్నచో ఏఱు పొంగవలెను. ఏఱు పొంగవలెనన్నచో వాన కుఱియవలెను. వాన కుఱియునప్పుడు చంద్రుడు మబ్బుచాటున నుండును. మన కుంతాలయు, బొగతయు శ్రావణ భాద్రపదములందు నిండుగా దుముకుచున్నప్పుడు పున్నమిచంద్రుని దర్శనమే దుర్లభము; శరత్తువచ్చి వెన్నెల తేటపడునప్పటికి ధారలు సన్నగిల్లును. నీటి పంచాంగమును ఆకాశపు పంచాంగమును వేఱుపఱచు ఉపాయమేదైన ప్రకృతి కల్పించినచోటనే ఈ విల్లు ఏటేట కన్పట్టుచున్నది.

యోసెమిటిలో ఆ యుపాయము మంచు. శీతకాలమున కొండలపై పడి పేరుకొన్న హిమము వసంతమున కరగి, నిర్మలమైన ఆకాశముక్రింద వరదయై వచ్చును. మొత్తము 2,425 అడుగుల యెత్తునుండి మూడంచెలుగా పడు ఆ జలపాతము మే నెలలో గర్జించుచుండి, ఆగస్టునాటికి తఱచుగా ఎండిపోవును. దీనికి ఖగోళమొక సహాయము చేయుచున్నది. వేసవిలో సూర్యుడెంత యెత్తున నడచునో పున్నమిచంద్రుడంత క్రిందుగా నడచును. 38 డిగ్రీల ఉత్తరాక్షాంశమునకు చేరువనున్న ఆ లోయలో జూన్ పున్నమి చంద్రుడు ఎంత యెత్తునకెక్కినను సుమారు ముప్పది డిగ్రీల ప్రాంతమున ఆగిపోవును. అనగా రాత్రియంతయు విల్లునకు అనుకూలమే, అడ్డు వచ్చునవి కొండలు మాత్రమే. ప్రకృతిరచయిత జాన్ మ్యూర్ 1912లో ప్రకటించిన యోసెమిటి గ్రంథమున ఈ చంద్రధనుస్సులను వర్ణించియున్నాడు. ఆ మహానుభావుడు విల్లుతో తృప్తిపడక, పడుచున్న నీటి తెరకు వెనుకవైపునకు రాత్రివేళ ప్రాకిపోయి, అందుగుండ చంద్రుని చూడబోయి, గాలికి తిరిగివచ్చిన ధారక్రింద చిక్కి తడిసి ముద్దయై ప్రాణములతో బయటపడెను. ఈ కాలమున అంత సాహసమక్కఱలేదు. టెక్సస్ స్టేట్ విశ్వవిద్యాలయపు ఖగోళశాస్త్రజ్ఞుడు డొనాల్డ్ ఓల్సన్, ఆయన సహచరులు కొండశిఖరముల యెత్తులను చంద్రుని గతిని జోడించి, వెన్నెల ఏనాడు ఏ నిమిషమున గట్లు దాటి 320 అడుగుల దిగువ జలపాతపు పాదమును తాకునో, విల్లు అచటి వంతెనపైనుండి ఎప్పటివఱకు కన్పట్టునో గణించు పద్ధతిని 2007లో ప్రకటించిరి. గ్రహణములవలె విల్లును ముందుగా చెప్పవచ్చునన్నమాట. ఫలితముగా, ఆయా రాత్రులలో ఆ వంతెనపై ట్రైపాడుల కాళ్లు ఒకదానికొకటి తగులుకొనుచుండును. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరములలో ఉద్యోగములు చేయు మన తెలుగువారికిని అది నాలుగైదు గంటల కారుప్రయాణమే.

ఆఫ్రికాలో జాంబెజీ నదిపైనున్న విక్టోరియా జలపాతమునకు ఉపాయము దూరము. ఎగువన అంగోలా, జాంబియా దేశములలో కుఱిసిన వాననీరు మెల్లమెల్లగా ప్రవహించి జలపాతమును చేరునప్పటికి స్థానికముగా వానలు వెనుకబట్టియుండును. ఏప్రిల్ ప్రాంతమున వరద ముమ్మరించి, 1,708 మీటర్ల వెడల్పున 108 మీటర్ల లోతునకు పడిన నీరు పొగవలె ఆకాశమునకు లేచును. ఎదుటిగట్టున నిలిచినవానికి తుంపర కాళ్లక్రిందినుండి వచ్చునుగనుక, విల్లును పైనుండి చూచు సౌకర్యముకూడ కలదు. జాంబియా, జింబాబ్వే దేశములు రెండును పూర్ణిమారాత్రులలో దర్శకులకై తమ ఉద్యానములను తెఱచియుంచుచున్నవి. ఇక అమెరికాలోని కెంటకీ రాష్ట్రపు కంబర్లాండు జలపాతము 68 అడుగుల యెత్తుది, అనగా నాగార్జునసాగరము చేరువనున్న మన ఎత్తిపోతల జలపాతమంత. అయినను నది జీవనది యగుటచేత ఏడాది పొడుగున పున్నమికి విల్లు కన్పట్టుచున్నది. 1920ల చివర ఆ ధారను విద్యుదుత్పత్తికి మళ్లింపవలెనను యత్నము సాగగా, డూపాంట్ కుటుంబము ఆ స్థలమును కొని రాష్ట్రమునకు దానమిచ్చెను. 1931లో అది ఉద్యానమయ్యెను.

ఇక కంటి సంగతి. మన కంటి వెనుకతెరపై వెలుగును గ్రహించు కణములు రెండు తెగలు. శంకుకణములు మూడు విధములై రంగును తెలియజేయును గాని, వానికి వెలుతురు సమృద్ధిగా కావలెను. దండకణములు వానికి ఎన్నోరెట్లు సంఖ్య గలవై, అత్యల్పమైన వెలుతురునకు సైతము స్పందించును గాని, అవి యన్నియు ఒకే తెగవి. ఎఱుపునకును ఆకుపచ్చకును గల భేదమును చెప్పజాలవు. నిండువెన్నెల ఈ రెండు తెగల సరిహద్దుననున్నది. తెల్లచీర తెల్లగా తోచును, ఎఱ్ఱమందారము నల్లగా తోచును. దండకణములకు ఎఱ్ఱని కాంతి బొత్తిగా ఆనకపోవుటయు, నీలిమవైపు కాంతి ఎక్కువగా ఆనుటయు చెక్ దేశీయుడైన శరీరశాస్త్రజ్ఞుడు పుర్కినే పందొమ్మిదవ శతాబ్ది తొలినాళ్లలోనే గుర్తించెను. వెన్నెల చల్లని నీలికాంతియని కవులు వర్ణించుటకు మూలమిదియే. కొలిచి చూచినచో వెన్నెల ఎండకంటె కొంచెము ఎఱ్ఱనిదే. నిండువెన్నెలలో దట్టమైన తుంపరపై, చీకటికి కన్ను అరగంట అలవాటుపడిన పిమ్మట, కొందఱికి విల్లుయొక్క వెలుపలి అంచున రాగచ్ఛాయ లీలగా పొడగట్టుననుట సత్యము. అంతకుమించి కన్ను చేయగలిగినది లేదు. ఏలయన, కన్ను ఒకసారికి ఒక సెకనులో పదియవ వంతో అయిదవ వంతో కాలపు వెలుగును మాత్రమే కూడబెట్టి, దానిని మెదడున కప్పగించి, మఱల మొదటినుండి లెక్క ప్రారంభించును.

కెమెరాకు ఈ తొందర లేదు. దాని సిలికాన్ ఫలకముపై పడిన కాంతికణములు విద్యుత్కణములై, షట్టరు మూతపడువఱకు, చుక్కచుక్కగా కుండలో నీరు నిండునట్లు చేరుచుండును. 1976లో కోడాక్ సంస్థకు చెందిన బ్రైస్ బేయర్ పేటెంటు పొందిన పద్ధతిలో ప్రతి గడిపైనను ఎఱుపో ఆకుపచ్చయో నీలమో ఒక వడపోత యుండుటచేత, వెలుతురెంత తక్కువైనను రంగుభేదము చెడదు. ఎంతసేపు కూర్చవలెనో కాగితముపై లెక్కింపవచ్చును. నిట్టయెండలో ఎఫ్ 16 రంధ్రమున, ఐ.ఎస్.ఓ. 100 అను గ్రహణశక్తి వద్ద సెకనులో నూఱవ వంతు చాలునని ఛాయాగ్రాహకులందఱును ఎఱుగుదురు. వెన్నెల నాలుగులక్షల వంతు గనుక అదే రంధ్రమునకు 4,000 సెకనులు, అనగా గంటకు మించిన కాలము కావలెను. రంధ్రమును ఎఫ్ 2.8కు తెఱచినచో ముప్పదిరెండు రెట్లు వెలుగెక్కువై కాలము 125 సెకనులకు తగ్గును, ఐ.ఎస్.ఓ. 1600కు పెంచినచో పదునాఱవ వంతై ఎనిమిది సెకనులలో ముగియును. తుంపర ఎండలో నేలవలె వెలుగు తిరుగగొట్టదుగనుకను, లోయలో నీడలుండునుగనుకను అనుభవమున పది మొదలు ముప్పది సెకనుల వఱకు పట్టుచున్నది. ముప్పది సెకనులు మించినచో నక్షత్రములు చుక్కలుగా నిలువక గీతలగును. ఈ చిత్రములయందు రాత్రి పగలువలె తోచుటలో మాయ యేమియు లేదు: ఎండలో చేరవలసిన వెలుగే వెన్నెలలో నిదానముగా చేరినది.

ఫిల్ముకాలమున ఈ పని యింత సుకరము కాదు. వెలుతురు తగ్గినకొలది కాలము పెంచినచో ఫలము సమానముగా నుండవలెనను సూత్రము, అత్యల్పకాంతిలో ఫిల్మునకు చెల్లదు; చుక్కలను ఛాయాపటములతో కొలుచుచున్న కార్ల్ ష్వార్జ్‌షిల్డ్, అనంతరకాలమున కృష్ణబిలముల గణితమునకు పేరుపడినవాడే, 1900 ప్రాంతమున ఈ లోపమును కొలిచి చెప్పెను. అందుపై రంగుఫిల్ములో మూడు పొరలు మూడు తీరులుగా వెనుకబడుటచేత, వన్నెలు ఎటో తిరిగిపోవుచుండెడివి. రాత్రి రంగులకు సంబంధించినంతవఱకు నేటి చిత్రము నిన్నటి చిత్రముకంటె సత్యమునకు దగ్గఱయని చెప్పుటకు నేను వెనుదీయను.

జలపాతమువద్ద శత్రువు చీకటి కాదు, తడి. విల్లు పుట్టించు తుంపరయే లెన్సుపైనను కురియును. ఇరువది సెకనుల చిత్రములో తొలి సెకనులో పడిన బొట్టు తుదివఱకు మచ్చయై నిలుచును. అందుచేత షట్టరు నొక్కుటకు ముందు క్షణమువఱకు లెన్సును పొడిగుడ్డతో కప్పియుంచి, తీసిన వెంటనే తుడిచి, గాలి తిరిగినప్పుడే మఱల తెఱచుట ఉత్తమము. 84 డిగ్రీల వెడల్పుగల విల్లును పూర్తిగా పట్టుటకు ఇరువది మిల్లీమీటర్లకు లోపు లెన్సు కావలెను. ఆటోఫోకసు చీకటిలో తడవులాడును గనుక, దానిని ఆపి, ఒక ప్రకాశవంతమైన నక్షత్రమును తెరపై పెద్దదిచేసి చేతితో ఫోకసు సరిచేయవలెను. ఫ్లాషు వెలిగించినచో విల్లు కాదుగదా, ముక్కుముందు తుంపరబొట్లు తెల్లని బంతులై నిండును. తాను చెడుటయేకాక, ప్రక్కనున్న పదిమంది చిత్రములను, చీకటికి అలవాటుపడిన కన్నులను చెఱచును. దారిచూచుకొనుటకు ఎఱ్ఱని టార్చి చాలును. ఎఱుపు దండకణములకు ఆనదని పైన చెప్పియుంటిని.

పగటియందు నీటిమెఱుపు తగ్గించుటకు వాడు ధ్రువణవడపోతను అలవాటుకొద్ది లెన్సునకు తగిలించుకొని వచ్చినవానికి ఇచట ఒక వింత ఎదురగును. విల్లునుండి వచ్చు కాంతి ఇంచుమించు పూర్తిగా ధ్రువణము చెందినదని ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు బియో 1811లో కనుగొనెను. వడపోతను ఒక తీరున త్రిప్పినచో విల్లులో ఒక భాగము కంటిముందే మాయమగును. వెన్నెలలో ఒక్క కాంతికణమునైనను పోగొట్టుకొనదగదు కనుక, దానిని ఇంటివద్ద విడుచుటయే మేలు.

తుంపర బొట్టుల పరిమాణమునుబట్టి విల్లు శోభ మాఱుచుండును. వానచినుకులవంటి పెద్దబొట్లు రంగులను విడివిడిగా చూపును. మిల్లీమీటరులో పదియవ వంతుకంటె మిక్కిలి చిన్నవగు మంచుబొట్లలో, కాంతి తరంగస్వభావమువలన వన్నెలు ఒకదానిపై నొకటి పరచుకొని, విల్లు వెడల్పై తెల్లబాఱును. జలపాతమున అన్ని పరిమాణముల బొట్లును కలగాపులగముగా నుండుటచేత, ధారకు చేరువను రంగు చిక్కగాను, గాలికి దూరముగా కొట్టుకొనిపోయిన పొగమంచున పలుచగాను ఉండును. ఒకే విల్లు ఒకవైపు రంగులతోను, రెండవవైపు తెల్లగాను ఉన్న చిత్రమును చూచినచో కంప్యూటరుపై రంగు పులిమినవాడు ఒకవైపు మఱచెననుకొనరాదు. అట్టి చిత్రమే ఎక్కువ నమ్మదగినది.

రంగు పులుముట అను మాట వచ్చినది గనుక నా అభిప్రాయము కూడ చెప్పెదను. కెమెరా చూపిన వన్నెలు చంద్రకాంతియందు ఉన్నవే. కంటికి అందకపోవుట కంటి లోపమేగాని కాంతి లోపము కాదు. దూరదర్శినిలో కన్పట్టిన శనివలయములను, వట్టికన్నునకు కానరాలేదు గనుక, అబద్ధమనువాడెవడును లేడు. కావున తీసిన చిత్రమును కల్పనయనుట అన్యాయము. కాని అంతటితో ఆగక, కంప్యూటరుపై వన్నెలను రెట్టింపుచేసి, ఊదాను నియాను దీపమువలె మండించువారును కలరు. వెన్నెల విల్లులోని వన్నెలు పగటివిల్లులోని వన్నెలకంటె ముదురుగా నుండుటకు శాస్త్రమున ఆధారమేమియు లేదు. రెండింటిని ప్రక్కప్రక్కన పెట్టి పోల్చి చూచుట చాలును. రాత్రి చిత్రమును పట్టపగలంత వెలుగునకు తెచ్చుటయు నాకంతగా రుచింపదు. అందులో తప్పేమియు లేదు, రాత్రియే లేదు.

చంద్రధనుస్సును చంపునది మనిషి పెట్టిన దీపమే. నయాగరాలో అమెరికావైపు ధారల నడుమ లూనా ద్వీపమని, అనగా చంద్రద్వీపమని, ఒకటి కలదు. పూర్వము అచటినుండి వెన్నెల విల్లు స్పష్టముగా కన్పట్టుచుండుటచేతనే దానికాపేరు వచ్చినది. 1925 మొదలుకొని జలపాతముపై రాత్రులందు రంగురంగుల విద్యుద్దీపములు ప్రసరింపజేయుట నిత్యకృత్యమైనది. 1950 నాటి ఒడంబడిక ననుసరించి రాత్రివేళ నీటిలో అధికభాగము విద్యుత్కేంద్రములకు మళ్లుచున్నది. విల్లునకు కావలసిన చీకటియు పోయెను, తుంపరయు తగ్గెను. యాత్రికులు కృత్రిమముగా ఎఱుపు నీలములు పూసిన నీటిని చూచి ఫోటోలు తీసికొని వెళ్లుచున్నారు.

ఇక మన దేశమున జలపాతములకు, నీటి పంచాంగము ఆకాశపు పంచాంగము కలియకపోవుటచే కలిగిన ఇబ్బంది, మన ఆనకట్టలకు లేదని నాకు తోచుచున్నది. శ్రీశైలము, నాగార్జునసాగరము గేట్లు ఎత్తుట తెలుగునేలపై కుఱిసిన వానకంటె ఎక్కువగా మహాబలేశ్వరపు కొండలపై కుఱిసిన వానపై ఆధారపడియున్నది. జాంబెజీకి పట్టిన ఉపాయమే కృష్ణకును పట్టినది. భాద్రపదమాసమున వరద సాగుచుండగా ఇచట ఆకాశము తేటపడు రాత్రులు లేకపోలేదు. ఆ పున్నమి చంద్రుడు మన అక్షాంశమున ఉదయించిన పిదప ఇంచుమించు మూడు గంటలవఱకు 42 డిగ్రీలకు దిగువనే యుండును. అర్ధరాత్రమునకు నడినెత్తికి చేరువై, తెల్లవాఱుటకు ముందు పడమట మఱియొక మూడు గంటలు అనుకూలుడగును. గేట్లనుండి లేచు తుంపర కొండంత. దిక్కులు కుదురు తావును, అనగా చంద్రుడు వీపుననుండి తుంపర ఎదుటనుండు తావును, పటముపై ముందే వెదకియుంచుకొనవచ్చును. అడ్డమల్లా ఆనకట్టపై తెల్లవార్లు వెలుగు దీపములే. వానిని పున్నమినాడు ఒక్క గంటసేపు ఆర్పించుటకు అధికారుల అనుమతి సంపాదించుట, పైన చెప్పిన గణితమంతటికంటెను కష్టమైన పని.